తెలుగులోనూ చివరి డిస్కు దాకా రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ పత్రిక చివరి పేజీలో డిస్కుల గురించి ఒక చిన్న వార్త వేశారు. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో, డీవీడీల తర్వాత వచ్చిన బ్లూ రే డిస్కుల తయారీ ఆపేసిందని, ఇక ముందు సినిమాలు, సీరియళ్ళు డిస్కుల మీద రావని అందులో ఉంది. మొదటి మాట సగమే నిజం, రెండోది నిజం కాదు. సోనీ ఆపింది మనం ఇంట్లో రికార్డు చేసుకునే ఖాళీ డిస్కులు. ఖాళీ డిస్కులో లేజరుతో కాల్చి రాసుకోవడానికి ఒక పొర ఉంటుంది. సినిమా వేసి అమ్మే డిస్కులో ఆ పొర ఉండదు. అచ్చుతో ప్లాస్టిక్ మీద సన్నటి గుంటలు ఒత్తి, పైన లోహపు పూత వేస్తారు. దాని తయారీ వేరు, వ్యాపారం వేరు. ఆ డిస్కులు ఇప్పటికీ వస్తున్నాయి. మా ఇంట్లోకి ఒకటి పోయిన సంక్రాంతికి వచ్చింది. దాని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

నేను తెనాలిలో 1989 నుంచి 2007 దాకా వీడియో లైబ్రరీ నడిపాను. క్యాసెట్లతో మొదలుపెట్టి, వీసీడీల మీదుగా డీవీడీల దాకా వచ్చి ఆపేశాను. పెళ్ళిళ్ళకి, చలవ పందిళ్ళకి టీవీ, వీసీపీ అద్దెకి ఇచ్చేవాణ్ణి. వానాకాలంలో క్యాసెట్ టేపు మీద తెల్లగా బూజు పడితే మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ రాత్రి పదకొండింటి దాకా కూర్చున్న రోజులున్నాయి. వీసీడీల కాలంలో ఒక్క సినిమా రెండు మూడు డిస్కుల మీద వచ్చేది. మొదటి డిస్కు బాగుండి రెండోది గీతలు పడి ఆగిపోతే మనుషుల ముఖాలు ఎలా ఉండేవో నాకు బాగా గుర్తు. ఒక రిటైరైన మాస్టారు ఒక పాత సినిమా రెండో డిస్కు కోసం నాలుగు రోజులు వరసగా మా షాపుకి వచ్చారు. కథ ఆయనకి ముందే తెలుసు, ఎప్పుడో హాల్లో చూసినదే. అయినా సగంలో ఆగిపోయిందని ఆయనకి నిద్ర పట్టలేదు. విజయవాడ నుంచి వేరే కాపీ తెప్పించి, సైకిల్ మీద వెళ్ళి ఆయన ఇంట్లో ఇచ్చి వచ్చాను.

ఇక మా అమ్మాయి సంగతి. ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో స్నేహితురాలి హార్డ్ డిస్కులో ఫ్రూట్స్ బాస్కెట్ అనే జపాన్ యానిమే, అంటే బొమ్మలతో తీసిన సీరియల్, చూసింది. 2001లో స్టూడియో డీన్ తీసిన 26 ఎపిసోడ్లు అవి. సెలవులకి ఇంటికొచ్చి, 'నాన్నా, కథ సగంలో ఆగిపోయింది, ఇంక రాదట' అని రెండు రోజులు అదే మాట. నాకు ఆ మాస్టారు గుర్తొచ్చారు.

అది ఎందుకు ఆగిందంటే, నాట్సుకి తకయా అనే ఆవిడ ఆ కథని 1998 నుంచి హనా టు యూమె అనే పత్రికలో బొమ్మల కథగా గీస్తున్నారు. 2001 నాటికి ఆవిడ కథ ఇంకా నడుస్తూనే ఉంది. టీవీ వాళ్ళు అప్పటిదాకా వచ్చినంత తీసి ముగించారు. ఆవిడ మాత్రం 2006 దాకా గీశారు, మొత్తం 23 సంపుటాలు. బొమ్మల పుస్తకం చదివినవాళ్ళకి కథ పూర్తయింది. టీవీలో చూసినవాళ్ళకి పద్దెనిమిదేళ్ళు అలాగే ఉండిపోయింది. 2019లో టీఎంఎస్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ మొదటి నుంచి మళ్ళీ తీయడం మొదలుపెట్టింది. దర్శకుడు యోషిహిదె ఇబాటా. ఈసారి తకయా గారే దగ్గరుండి పర్యవేక్షించారు. మొదటి ఏడాది 25, రెండో ఏడాది 25, చివరగా 2021లో 13, మొత్తం 63 ఎపిసోడ్లతో కథ ముగిసింది.

ఇది ప్రేమకథ. కానీ ఎలాంటి ప్రేమకథో చెప్పాలి. తోరు హోండా అనే పిల్ల హైస్కూల్లో చదువుతుంటుంది. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి రోడ్డు ప్రమాదంలో పోయింది. ఎవరికీ భారం కాకూడదని గుడారం వేసుకుని ఒక్కతే బతుకుతుంటుంది. ఆ గుడారం వేసిన స్థలం సోమా అనే పెద్ద కుటుంబానిది. ఆ కుటుంబానికి ఒక శాపం ఉంది. వాళ్ళలో పన్నెండుమందికి వాళ్ళ పంచాంగంలోని పన్నెండు జంతువులు అంటుకుని ఉంటాయి. ఆడపిల్ల కౌగిలించుకుంటే మగవాడు, మగవాడు కౌగిలించుకుంటే ఆడపిల్ల ఆ జంతువైపోతారు. పదమూడోది పిల్లి. పూర్వం దేవుడు జంతువులన్నిటినీ విందుకి పిలిచినప్పుడు ఎలుక అబద్ధం చెప్పి పిల్లికి విందు తప్పేలా చేసిందని వాళ్ళ కథ. అందుకే పిల్లికి పన్నెండింటిలో చోటు లేదు. ఆ పిల్లి శాపం తగులుకున్న కుర్రాడు క్యో. తోరు ప్రేమించేది అతణ్ణే.

అంటే కథ పొడుగునా ఆ ఇద్దరూ ఒకరినొకరు దగ్గరికి తీసుకోలేరు. ప్రేమకథల్లో ఇంత దూరం పెట్టి ఇంత దగ్గరితనం చూపించినది నేను చూడలేదు. నేను చూసినవి కూడా తక్కువేం కాదు, పద్దెనిమిదేళ్ళు అదే వ్యాపారం.

ఫ్రూట్స్ బాస్కెట్ అనే పేరు ఎందుకొచ్చిందో కూడా చెబుతాను. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరికి ఒక్కో పండు పేరు పెట్టుకుని ఆడే ఆట అది. ఎవరి పండు పేరు పిలిస్తే వాళ్ళు లేచి చోటు మారాలి. తోరుకి చిన్నప్పుడు తోటి పిల్లలు ఓనిగిరి అని పేరు పెట్టారు. అంటే అన్నం ముద్ద. పళ్ళ బుట్టలో అన్నం ముద్దని ఎవరు పిలుస్తారు? ఆ పిల్ల తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చునే ఉంటుంది. తర్వాత ఎప్పుడో తనే క్యోకి ఒక మాట చెబుతుంది. ప్రతి మనిషి వీపు మీదా అన్నం ముద్దకి పెట్టినట్టు ఒక ఊరబెట్టిన పండు ఉంటుందని, అది ఎదుటివాళ్ళకి కనపడుతుందిగానీ మనకి కనపడదని. మా ఆవిడకి ఇది ఎంత నచ్చిందంటే, మా మనవడికి ముద్దలు కలిపి పెట్టేటప్పుడు ఒక్కో ముద్ద మీద మాగాయ ముక్క పెట్టి ఈ మాటే చెబుతుంది.

చివరి 13 ఎపిసోడ్లు జపాన్‌లో వచ్చింది 2021 ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఆ నెలలు మనకెలా గడిచాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఆవిడకి ఏప్రిల్ చివర్లో కరోనా వచ్చింది. పదిహేడు రోజులు వెనక గదిలో ఒక్కతే ఉంది. నేను గుమ్మం దగ్గర కంచం పెట్టి వచ్చేవాణ్ణి. అమ్మాయి డల్లాస్ పక్కన ఉంటుంది. రావడానికి దారి లేదు. రాత్రి దానికి నిద్ర లేదు, పగలు మాకు టెన్షన్. అప్పుడు అమ్మాయి ఒక పని చేసింది. వారానికి ఒక ఎపిసోడ్ రాగానే తను చూసి, వాళ్ళమ్మకి వీడియో కాల్‌లో కథ చెప్పడం మొదలుపెట్టింది. పాత ఎపిసోడ్లు కూడా మొదటి నుంచి కొంచెం కొంచెం చెప్పుకుంటూ వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ దానికి అన్నం తినిపిస్తూ చెప్పిన కథల బాకీ తీర్చినట్టుంది నాకు.

ఆ కథలో ఒక ఆచారం ఉంది. పిల్లి శాపం ఉన్నవాణ్ణి హైస్కూలు చదువు అయిపోగానే కుటుంబం వాళ్ళు ఒక గదిలో పెట్టేస్తారు, జీవితాంతం. అది విన్న రోజు మా ఆవిడ ఫోన్ పెట్టేసి తలుపు అవతల నుంచి నన్ను పిలిచి, 'ఏమండీ, ఆ పిల్లాణ్ణి గదిలో పెట్టేస్తారటండీ' అంది. ఇవతల కుర్చీలో కూర్చున్న నాకు నోట మాట రాలేదు. పంక్తిలో అందరినీ కూర్చోబెట్టి ఒక్కణ్ణి లేపేయడం ఎంత పాపమో మనవాళ్ళకి తెలుసు. పిల్లి విందు కథ ఆవిడకి ఏ అనువాదమూ లేకుండా అర్థమైంది.

ఆవిడ కోలుకుంది. కథ జూన్ చివర్లో ముగిసింది. ముగింపు కూడా ఫోన్లోనే విన్నది. కానీ ఒక్క బొమ్మా చూడలేదు. తోరు ఎలా ఉంటుందో, క్యో జుట్టు ఏ రంగో కూడా తెలియదు.

అమ్మాయి ఆ సీరియల్ మొదటి భాగాన్ని అమెరికాలో డిస్కుల డబ్బాగా కొనుక్కున్నప్పుడు, లోపల ఒక కోడ్ ఇచ్చారట. దాన్ని ఒక యాప్‌లో ఎక్కించుకుంటే ఎక్కడైనా చూసుకోవచ్చన్నారు. అమ్మాయి అలాగే ఎక్కించుకుంది. ఆ యాప్ 2024 ఏప్రిల్ 2న మూతపడింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళ కాపీలు కూడా దాంతోపాటే పోయాయి, కొత్త యాప్‌లోకి మార్చి ఇవ్వలేదు. అమ్మాయి దగ్గర డిస్కులున్నాయి కాబట్టి సరిపోయింది. కోడ్ వాడుకుని డబ్బా ఎవరికో ఇచ్చేసినవాళ్ళు ఏమయ్యారు? ఆ రోజే అమ్మాయి చివరి 13 ఎపిసోడ్ల డబ్బా కూడా కొనేసి, 'నాన్నా, ఇది నీ దగ్గర ఉండాలి' అంది. నా దగ్గర ఎందుకు ఉండాలో దానికి తెలుసు.

సంక్రాంతికి వస్తూ తెచ్చింది. బట్టల మధ్య చీరలో చుట్టి తెచ్చింది. తీసి నా ప్లేయర్‌లో పెడితే ఆడలేదు. ఇది మీ పాఠకులకి పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. బ్లూ రే డిస్కులకి ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా, జపాన్ 'ఏ' ప్రాంతం. యూరప్ 'బీ'. మన దేశం, చైనా, రష్యా 'సీ'. అమెరికా డబ్బా ఇక్కడ కొన్న ప్లేయర్‌లో మామూలుగా ఆడదు. డీవీడీలకి ఇంకో లెక్క, అమెరికా 1, జపాన్ 2, మనది 5. విదేశాల నుంచి డిస్కు తెప్పించుకునేవాళ్ళు అట్ట వెనక ఆ అక్షరం చూసుకుని కొనాలి. నాకు ఇది తెలిసి కూడా ముందు చెప్పలేకపోయాను. వేసవిలో అమ్మాయి స్నేహితురాలు వస్తుంటే తన పాత ప్లేయర్ పంపించింది. అది 110 వోల్టులది. గంగానమ్మపేటలో ఎలక్ట్రికల్ షాపు నుంచి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి తగిలించాను. బొమ్మ పడింది.

ఆ బొమ్మ గురించి ఒక్క మాట. క్యాసెట్ బొమ్మలో గింజలు కనపడేవి, వీసీడీ బొమ్మలో గళ్ళు కనపడేవి. బ్లూ రేలో ఒక్క పొర మీదే 25 గిగాబైట్లు పడతాయి, డీవీడీలో 4.7. ఫోన్లో చూస్తే రంగు పూసిన బొమ్మలాగే ఉంటుంది. ఇందులో చూస్తే ఆకాశానికి వేసిన రంగు ఎక్కడ పలచబడిందో, జుట్టు మీద వెలుగు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మనుషులు గీశారని తెలుస్తుంది.

పదమూడు రోజులు, రోజుకొక ఎపిసోడ్, రాత్రి భోజనాలయ్యాక చూశాం. మాటలు జపనీసులో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేను చదివి తెలుగులో చెబుతుంటే, ఆవిడ నా కన్నా ముందే చెప్పేస్తోంది. నాలుగేళ్ళ కిందట ఫోన్లో విన్నదంతా గుర్తుంది. 'ఇప్పుడు క్యో చేతి పూసలు తెగుతాయి చూడండి' అని నన్ను ఆగమంది. ముగింపు ఏమిటో నేనిక్కడ రాయను, చూడాలనుకునేవాళ్ళుంటారు. చివరి ఎపిసోడ్ అయిపోయాక ఆవిడ లేచి డబ్బా తీసుకుని, అట్ట మీద తోరు ముఖాన్ని చీర చెంగుతో తుడిచి బీరువాలో పెట్టింది.

అమ్మాయి చెప్పిందేమంటే, తోరు తల్లిదండ్రుల కథని చివరి భాగంలో పెట్టకుండా తర్వాత 2022 ఫిబ్రవరిలో సినిమాగా జపాన్ హాళ్ళలో వదిలారట. ఆ డిస్కు కూడా తెప్పించుకోవాలి.

ఇప్పుడు నేను అడగదలుచుకున్నది. మన దగ్గర యానిమే ఇప్పుడు చిన్న విషయం కాదు. 2019లో వెదరింగ్ విత్ యూ అనే జపాన్ ప్రేమకథని ఇక్కడ హాళ్ళలో వేయమని యాభై వేలమందికి పైగా సంతకాలు చేస్తే, ఆ అక్టోబరులో మన దేశంలో విడుదల చేశారు. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు మాటలతోనే హాళ్ళలోకి వచ్చింది. ఓటీటీల్లోనూ తెలుగు డబ్బింగ్‌తో కొన్ని సీరియళ్ళు వస్తున్నాయి. మన కళాకారులు గొంతు ఇస్తున్నారు, మనవాళ్ళు మాటలు రాస్తున్నారు. చాలా సంతోషం. కానీ ఆ తెలుగు మాటలు ఎక్కడ ఉన్నాయి? హక్కుల గడువు అయిపోయిన రోజున, యాప్ మూతపడిన రోజున, ఆ తెలుగు ఏమవుతుంది? జపనీసు మాటలకి జపాన్‌లో డిస్కులున్నాయి, ఇంగ్లీషు మాటలకి అమెరికాలో డిస్కులున్నాయి. తెలుగు మాటలకి డిస్కు నాకు ఎక్కడా దొరకలేదు.

మన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. ఈరోజు దాని ప్రింటు లేదు. అప్పట్లో వాళ్ళకి దాచే దారి తెలియదు. మనకి తెలుసు.

డిస్కులు ఎవరు కొంటారని కంపెనీలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే, వ్యాపారం చేసినవాణ్ణి కాబట్టి నాకు అర్థమవుతుంది. జపాన్ వాళ్ళు ఎలా చేశారో చూడండి. అక్కడ ఒక యానిమే తీయాలంటే పుస్తకాల సంస్థ, టీవీ, పాటల కంపెనీ, డిస్కుల కంపెనీ కలిసి ఒక కమిటీగా డబ్బు పెడతాయి. మన సినిమాకి నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ముందే హక్కులు పంచుకున్నట్టు, ఎవరి వాటా వాళ్ళది. అర్ధరాత్రి టీవీలో వేయడం చాలాకాలం డిస్కు అమ్మకానికి ప్రచారంగానే పనికొచ్చింది. ఒక డిస్కులో రెండు మూడు ఎపిసోడ్లే పెట్టి, మన డబ్బుల్లో వేలల్లో ధర పెట్టినా అభిమానులు కొన్నారు. ఇప్పుడు ఆన్‌లైన్ హక్కుల డబ్బే ఎక్కువై డిస్కుల అమ్మకం తగ్గింది. అయినా వాళ్ళు మానలేదు. ముందుగా ఆర్డర్లు తీసుకుని, ఎంతమంది డబ్బు కడితే అన్నే తయారుచేసే పద్ధతి వాళ్ళకి ఉంది. మిగిలిపోయిన సరుకు ఉండదు, నష్టం ఉండదు.

తెలుగులోనూ అలా చేయొచ్చు. తెలుగు డబ్బింగ్ పూర్తయిన ఒక్క సీరియల్ తీసుకోండి. ప్రేమకథ అయితే మరీ మంచిది, ఎందుకంటే యుద్ధాల కథల్ని ఎలాగూ వేస్తున్నారు. మూడు నెలలు ఆర్డర్లు తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, బెంగళూరు, డల్లాస్, న్యూజెర్సీ నుంచి ఎంతమంది కడితే అంతమందికే పంపండి. ప్రాంతాల తాళం వేయకుండా పంపండి. అలా తాళం లేకుండా డిస్కు చేయడానికి అడ్డేమీ లేదు, తీసేవాళ్ళ ఇష్టం మీద ఉంటుంది. మొదటి డబ్బా వేసి ఆపేయకుండా చివరి డబ్బా దాకా వేస్తామని ముందే మాట ఇవ్వాలి. సగం అమ్మి ఆపేసే పని మాత్రం చేయొద్దు. అట్ట మీద గొంతు ఇచ్చినవాళ్ళ పేర్లు, మాటలు రాసినవాళ్ళ పేర్లు తెలుగులో వేయాలి. పెద్ద గ్రంథాలయాలకి తలా ఒక డబ్బా ఇస్తే ఇంకా మంచిది. మా తెనాలి శాఖా గ్రంథాలయానికి కావాలంటే ప్లేయర్ నేను ఇస్తాను, నా దగ్గర రెండున్నాయి.

ఆ వార్తకి ఒక సవరణ వేయమని, వీలైతే ఈ విషయం మీద మీ సినిమా పేజీలో ఒక వ్యాసం రాయించమని నా కోరిక. డబ్బింగ్ చేయిస్తున్న కంపెనీల వాళ్ళు ఎవరైనా చదివితే, ఆర్డరు పుస్తకంలో మొదటి పేరు మా ఆవిడది రాసుకోమనండి. డబ్బు ముందే కడతాం.

మీ విలేకరి ఎవరైనా మా ఇంటికి వస్తే ఆ డబ్బా, ట్రాన్స్‌ఫార్మర్, ప్లేయర్ అన్నీ చూపిస్తాను. డబ్బా మాత్రం ఇల్లు దాటనివ్వను. సాయంత్రం ఏడు దాటాక రమ్మనండి, భోజనం చేసి ఒక ఎపిసోడ్ చూసి వెళ్ళొచ్చు. తెలుగు మాటలు మా ఆవిడే చెబుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒకప్పటి వీడియో లైబ్రరీ యజమాని,
తెనాలి